పాలలో ముంచిన తాళం

"అయ్యో, దానికి రిమోట్ ఉందండీ" అని మా బావ చెయ్యి చాపేలోపే ఆవిడ కారు తాళాన్ని పాలగిన్నెలో ముంచేసింది. ముంచి, పైకి తీసి, నా కుడిచెయ్యి పట్టుకుని అరచేతిలో పెట్టింది. పాలు మోచేతిదాకా కారుతున్నాయి. నా గుప్పిట తనే మూసింది. ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు. పెళ్ళిలో అప్పగింతలప్పుడు పిల్ల చేతులు పాలలో ముంచి అత్తగారి చేతిలో పెడతారు చూడండి, అచ్చం అలాగే.

"మా పిల్ల తల్లీ ఇది. తెలిసో తెలియకో ఏదైనా తప్పు చేస్తే కడుపులో పెట్టుకో."

కారు గురించే ఆ మాట.

నాకు ఏడుపు ఆగలేదు. నాకు ఊరికే వచ్చేస్తుందిలెండి, ఎదుటి మనిషి ముక్కు ఎగబీలిస్తే చాలు. నా అప్పగింతలప్పుడు మా అమ్మ కూడా అంత ఏడవలేదు. మేనరికం కదా, మా బావకే ఇచ్చి వీధి చివరి ఇంటికే పంపుతోంది, ఏం ఏడుస్తుంది. మా బావ మాత్రం తాళం వంకే చూస్తున్నాడు. ఆవిడ బానెట్ మీద పసుపు రాసింది, బొట్టు పెట్టింది, నాకు జాకెట్టు ముక్కా అరటిపళ్ళూ ఇచ్చింది. బండి కదులుతుంటే గేటు పట్టుకుని "వెళ్ళిరండి" అంది. మాతో కాదు, కారుతో. ఆవిడ కారుని కూడా అండీ అనేది.

రిమోట్ సాయంత్రానికే పోయింది.

ఆవిడ పోయిన సంగతి మొన్న తెలిసింది. బందరులో సెంటరు దగ్గర స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ మీద ఫోటో చూసి, మా బావ ఇంటికొచ్చి చెప్పాడు. "మీ పిన్నిగారు పోయారు" అన్నాడు, ఆ "మీ"ని కాస్త ఒత్తి. ఆవిడ పేరేంటో ఆ ఫ్లెక్సీ వల్లే మాకు తెలిసింది. ఇక్కడ రాయను. నేను మొదటి రోజు నుంచీ పిన్నిగారూ అనే పిలిచాను, అదే ఉండనీండి.

మా బావ డ్రైవరు. ఎప్పుడూ ఎవరి బండో తోలేవాడు. ఎవరు పిలిస్తే వాళ్ళ కారెక్కి, వాళ్ళు తిట్టిన తిట్లు తిని వచ్చేవాడు. నేను చిలకలపూడిలో గిల్టు నగలకి రాళ్ళు అతికించే పనికి వెళ్తాను. సొంత బండి ఉంటే తనే తోలుకోవచ్చని, ఉన్నదంతా ఊడ్చి, నా గొలుసు కూడా కలిపి, గుడివాడలో పాత కార్లమ్మే షెడ్డుకి వెళ్ళాం. షెడ్డతను మా బావ చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళి, మనలో మనమాట, ఈ షెడ్డు కార్లు నీకెందుకు మావా అన్నాడట. బందరులో ఒక పెద్దావిడ తన ఇంటి కారు అమ్ముకుంటోంది, వెళ్ళి చూసుకో, నాకేమీ ఇవ్వక్కర్లేదు అన్నాడట. షెడ్డు వాళ్ళంటే జనానికి భయం. ఆ సంగతి షెడ్డు వాళ్ళకి తెలుసు. అది మాకు తెలియలేదు.

ఆవిడ ఎప్పుడూ గడప మీద ఒక కాలు పెట్టి నిలబడేది. కూర్చోగా చూసింది తక్కువ. మాట్లాడుతూ మాట్లాడుతూ కొంగు చివరతో కారు అద్దం తుడిచేది. ఆ కారు మీద ఉన్న ప్రతి గీతకీ ఆవిడ దగ్గర ఒక కథ ఉంది. ఈ గీత మనవరాలు సైకిల్ నేర్చుకుంటూ తగిలించింది. ఆ సొట్ట వాళ్ళాయన ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు గేటుకి తగిలింది. ఆయన లేకపోయాక వాకిట్లో దాన్ని చూస్తుంటే అన్నం సయించడం లేదట, అందుకే అమ్మేస్తోందట.

అనుమానం రాలేదని చెప్పను. నాకు అనుమానం ఎక్కువే. మనవరాలి ఫోటో ఒక్కటి కూడా గోడకి లేదు. ఆర్సీలో ఎవరో మగమనిషి పేరుంది. అదేంటి పిన్నిగారూ అంటే, మా అన్నయ్య పేరు మీద కొన్నామమ్మా, వాడూ పోయాడు అని కళ్ళొత్తుకుంది. పోయిన మనిషి గురించి ఏడుస్తున్నావిడని ఆధార్ కార్డు చూపించమని అడుగుతామా?

మా బావ ఇంజన్ చూశాడు, బాగుంది. నేను మనిషిని చూశాను, బాగుంది. లోపల మ్యాట్ ఎత్తి చూద్దామని మా బావ వంగబోయేసరికి ఆవిడ పాలగిన్నెతో వచ్చేసింది. తాళం నా చేతికొచ్చాక తను మళ్ళీ వంగబోతే నేనే మోచేత్తో పొడిచాను. అప్పగింతలయ్యాక పిల్ల పళ్ళు లెక్కపెడతారా ఎవరైనా?

వానాకాలం వచ్చాక ఏసీ వేస్తే వాసన మొదలైంది. ఒకసారి మా అత్త ఎక్కి, "కారులో రొయ్యల కూర గాని వండార్రా?" అంది. మా బావ అగరొత్తులు వెలిగించాడు. ఒకరోజు కూచిపూడిలో డాన్సు నేర్చుకునే పిల్లనీ వాళ్ళమ్మనీ తీసుకెళ్తుంటే, పామర్రు దాటాక వెనక సీటు పక్కకి ఒరిగిపోయింది. ఆ పిల్ల కాలు ఎక్కడ పెట్టిందో అక్కడ రేకు కిందికి దిగిపోయింది. చెప్పు ఊడి రోడ్డు మీద పడింది. కాలు పైకి లాగేశారు కాబట్టి సరిపోయింది. ఆ పిల్ల ఏడవలేదు గాని వాళ్ళమ్మ మా బావని అన్న మాటలు ఆయన ఇప్పటికీ నాకు పూర్తిగా చెప్పలేదు.

మెకానిక్ మ్యాట్ ఎత్తితే కింద రేకు కాదు, అప్పడం. తుప్పు మీద పల్చటి ముక్క అతికించి, దాని మీద తారు పూశారు. సీట్లు పీకేసి, ఉప్పునీళ్ళ సంచుల్లో రొయ్య పిల్లని సముద్రం వైపు నుంచి ముదినేపల్లి చెరువులకి తోలిన బండి అట. సంచి కారినప్పుడల్లా ఉప్పునీళ్ళు కిందికి దిగి తినేశాయి. మా అత్త ఆ రోజు అన్న మాట మర్చిపోలేను. "పూత నగల పనికి వెళ్ళేదానివి, పూతకే పడ్డావంటే నిన్నేమనాలే."

షెడ్డుకి వెళ్తే, ఆ రోజు మావా అని చెయ్యి పట్టుకున్నవాడే కుర్చీలోంచి లేవలేదు. మాకేం సంబంధమండీ, అది ఇంటావిడ కారు, మీరూ మీరూ చూసుకున్నారు, ఉన్నది ఉన్నట్టు కొన్నారు అన్నాడు. పైగా మీరు కొన్నది కిరాయికి తోలుకోడానికి, అంటే వ్యాపారానికి, మీకు ఏ కోర్టూ పలకదు అన్నాడు.

బందరు కోర్టు దగ్గర ఉచితంగా సలహా చెప్పే లాయరమ్మ ఒకావిడ ఉంది. ఆవిడ రెండో మాట కొట్టిపారేసింది. మీ ఆయన పొట్టకూటికి తనే తోలుకుంటున్నాడు కాబట్టి మీరూ వినియోగదారులే అంది. చిక్కంతా మొదటి మాటతోనే. కార్లు అమ్మడం వ్యాపారంగా ఉన్నవాడు లోపం దాచి అమ్మితే వినియోగదారుల కమిషన్‌లో నిలదీయొచ్చు. ఇంట్లో మనిషి తన సొంత కారు ఒకటి అమ్ముకుంటే ఆ దారి లేదు. సివిల్ కోర్టుకి వెళ్ళి ఏళ్ళ తరబడి తిరగాలి. "ఆ కారు షెడ్డుదని ఎవరైనా చెప్పాలమ్మా" అంది. చెప్పగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు.

ఫోన్లో రికార్డింగ్ పెట్టి, చున్నీ కింద దాచుకుని వెళ్ళాను. గేటు దాకా వెళ్ళి ఆగిపోయాను. వాకిట్లో ఇంకో కారు ఉంది. తెల్లది. ఇంకో మొగుడూ పెళ్ళాం ఉన్నారు. పాలగిన్నె ఉంది. "మా పిల్ల తల్లీ ఇది" అని వినపడింది. అవే మాటలు, అదే దగ్గర గొంతు జీర. ఆ అమ్మాయి చున్నీతో తాళం గబగబా తుడుచుకుంది. బానెట్ మీద పసుపు. వెళ్ళిరండి.

వాళ్ళు మలుపు తిరిగాక నేను లోపలికి వెళ్ళాను. ఆవిడ నన్ను చూసి తత్తరపడుతుందనుకున్నాను. గిన్నె చేత్తో పట్టుకుని అలాగే నిలబడి, "రా అమ్మాయ్, పాలు మిగిలాయి, టీ పెడతాను" అంది.

పెట్టింది కూడా. తాళం ముంచిన పాలతోనే. నేను తాగలేదు, చేతిలో పట్టుకుని కూర్చున్నాను. తను మాత్రం గడప మీదే కూర్చుని ఊదుకుంటూ తాగింది. నేను దారంతా తయారు చేసుకున్న తిట్లు ఒక్కటీ నోట్లోకి రాలేదు. రేకు గురించి చెప్పాను, డాన్సు పిల్ల కాలు గురించి చెప్పాను. కాలు మాట విన్నప్పుడు గ్లాసు కింద పెట్టింది. దెబ్బ తగిలిందా అని అడిగింది. లేదన్నాను.

ఆవిడ గురించి నాకు తెలిసిన ముఖ్యమైన విషయం ఆ రోజే తెలిసింది. ఆవిడ ఏడిస్తే అబద్ధం. ఆవులిస్తే నిజం. నిజం చెప్పాల్సి వచ్చేసరికి ఆవిడకి ఎక్కడలేని విసుగూ వచ్చేది, నోరు తెరిచి ఆవులించి, నోటి ముందు చిటిక వేసేది. కారు గీతల కథలు చెప్పిన రోజు ఒక్కసారీ ఆవులించలేదు. ఎంత వయసు పిన్నిగారూ మీకు అంటే ఆవులించింది. పిల్లలు ఎంతమంది అంటే ఆవులించి, చిటిక వేసి, "లేరు" అంది. మనవరాలు ఎక్కడి నుంచి వచ్చిందని నేను అడగలేదు.

"ఆ ఫోన్ పైకి తియ్యి" అంది. "చున్నీ కింద పెడితే నా గొంతు సరిగ్గా పడదు."

ఫోన్ తీసి గడప మీద పెట్టాను. ఆవిడ పెద్దగా ఆవులించి, చిటిక వేసింది.

"ఆ కారు నాది కాదు. ఈ వాకిట్లో నిలబడిన ఏ కారూ నాది కాదు. అన్నీ గుడివాడ షెడ్డువే. నాకు తోలడం రాదు, ఎక్కితే కడుపులో తిప్పుద్ది. ఇల్లూ వాళ్ళదే. కార్లు నిలబడినన్నాళ్ళు నన్ను ఉండమన్నారు."

"మరి ఆ ఏడుపు?"

"ఏడుపు నాదేనమ్మా. అది మాత్రం ఎవరూ నేర్పలేదు."

ఎందుకు చెప్తున్నారు నాకు, ఇల్లు పోదా అని అడిగాను. అప్పటికి నాకు కోపం పోయి భయం పట్టుకుంది, ఇందులో ఇంకో మోసమేదో ఉందని. ఊరికే నిజం చెప్పే రకం కాదుగా ఆవిడ. గ్లాసులు తీసి లోపలికి వెళ్తూ వెనక్కి తిరిగింది.

"అందరూ తాళం తుడుచుకుంటారు. నువ్వొక్కదానివే పాలు కారుతుంటే అలాగే పట్టుకుని నాతోపాటు ఏడ్చావు" అంది. "ఇంక ఈ గుమ్మానికి రాకు."

అలా అన్నప్పుడు కళ్ళు తడిగా ఉన్నాయి. ఆవులింత లేదు, చిటిక లేదు. అందుకే ఆ మాట ఇప్పటికీ పూర్తిగా నమ్మలేను.

లాయరమ్మ ఆ రికార్డింగ్ షెడ్డు వాళ్ళకి వినిపించి, కమిషన్‌లో కేసు వెయ్యనా అని అడిగింది. ముసలావిడకి మతి లేదన్నారు. కానీ వారం తిరక్కుండానే కారు తీసుకుని డబ్బు వెనక్కిచ్చేశారు. ఈ సంగతి ఇంకెక్కడా ఎత్తకూడదని మా బావ చేత మాట తీసుకున్నారు. నా గొలుసు నాకు తిరిగి రాలేదు గాని, మా బావ తర్వాత కొన్న బండి మ్యాట్లు ముందు నేనే ఎత్తాను. పిన్నిగారిని వాళ్ళు వెళ్ళగొట్టలేదని కొన్నాళ్ళకి విన్నాం. అదే ఇల్లు, అదే వాకిలి, అవే పాలు. మా అత్తకి అప్పుడు అర్థమైంది, అని తను అనుకుంది. ఆ మహాతల్లి తన వాటా పెంచుకోడానికే నీ చేత షెడ్డుని బెదిరింపించిందే పిచ్చిమొహమా అంది. కావచ్చు. ఆవిడ విషయంలో ఏదైనా కావచ్చు.

ఫ్లెక్సీ సంగతి విన్నాక నాకు మొదట వచ్చిన ఆలోచన చెప్పడానికి సిగ్గేస్తోంది. ఆవిడ నిజంగానే పోయిందా అని.

నిన్న సాయంత్రం పని నుంచి అటే వెళ్ళాను. ముందు పక్కింటావిడని అడిగాను. నిజమేనమ్మా అంది, జ్వరంతో నిద్రలోనే పోయిందట. నా అనేవాళ్ళు ఎవరూ రాలేదట, షెడ్డు వాళ్ళే అన్నీ చేయించారట, ఫ్లెక్సీ కూడా వాళ్ళే కట్టించారట. "వివరాలకి అని ఫోన్ నంబరు కూడా వేశారు కింద. చావుకి వివరాలేంటో" అంది.

గేటులోంచి చూస్తే ఆ వివరాలేంటో అర్థమైంది. వాకిట్లో కుర్చీ మీద ఆవిడ ఫోటో, దండ, ముందు దీపం. పక్కన కారు. మా కారే. అదే నంబరు. వెనక అద్దం మీద నేను పిల్లల బొమ్మ స్టిక్కర్ అతికించాను, అది గీకేసిన మచ్చ అలాగే ఉంది. గళ్ళ చొక్కా అతను ఒకడు కళ్ళు తుడుచుకుంటూ ఒక జంటకి చెప్తున్నాడు, మా అమ్మ కారండీ, ఆవిడే వాడుకునేది, ఇప్పుడు చూస్తుంటే అన్నం సయించడం లేదు అని. రిమోట్ పనిచేయదు, చేత్తోనే తియ్యాలి, అదొక్కటే లోపం అని నిజాయితీగా చెప్పుకున్నాడు.

వాళ్ళది దివిసీమ. అవనిగడ్డ అవతల ఊరు. భర్త పాలకేంద్రానికి పాలు పోస్తాడట, ఇకమీద కిరాయికి తిప్పుకుంటాడట. అమ్మాయి నా ఈడుదే. చెప్పులు గేటు బయటే విప్పి వచ్చింది. ఫోటో ముందు దణ్ణం పెట్టుకుని కళ్ళొత్తుకుంటోంది, ముక్కూ మొహం తెలియని ఆవిడ కోసం. దండ వేసిన ఫోటో ముందు ఎవరైనా మ్యాట్ ఎత్తుతారా? బేరం కూడా ఆడలేదు వాళ్ళు. పొద్దున్నే వచ్చి డబ్బిచ్చి తీసుకెళ్తాం అన్నారు.

నేను ఫోటో వంక చూశాను. ఎవరో ఫోన్లో తీసింది, ఇంకోటి దొరకలేదేమో. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. తెలియనివాళ్ళు నవ్వుతోందనుకుంటారు. చెయ్యి సగానికి కోసేశారు గాని, నోటి దాకా లేస్తోందని నాకు తెలుసు.

ఇంటికొచ్చి చెప్తే మా బావ అన్నం ముందు కూర్చుని తల అడ్డంగా ఊపాడు. మన డబ్బు మనకొచ్చింది, నోరెత్తమని మాటిచ్చాం, ఆ షెడ్డు వాళ్ళు మంచివాళ్ళు కాదు అన్నాడు. మాటిచ్చింది నువ్వు, నన్నెవరూ అడగలేదు అన్నాను. పెరుగు వెయ్యమన్నాడు, వేశాను.

పొద్దున్నే పనికి సెలవు చెప్పి వెళ్ళాను. వాళ్ళు అప్పటికే వచ్చేశారు. గళ్ళ చొక్కా అతను లోపల్నుంచి పాలగిన్నె తెచ్చాడు. అతనికి ఏడుపు సరిగ్గా రావడం లేదు, ముక్కు రుద్దుకుంటున్నాడు. తాళం పాలలో ముంచి పైకి తీశాడు. ఆ అమ్మాయి దోసిలి పట్టింది.

ఆ దోసిట్లో తాళం పడేలోపే నేను ఆ అమ్మాయి కుడిచెయ్యి పట్టుకున్నాను. ఎవరండీ మీరు అంటూ అతను వెనకే వస్తున్నాడు. నేను కారు వెనక తలుపు తీసి, మ్యాట్ ఎత్తి, ఆ అరచేతిని కింద రేకు మీద పెట్టి నొక్కాను. ఆ అమ్మాయి చెయ్యి వెనక్కి తీసుకుని చూసుకుంది. వేళ్ళకి తడి తారు అంటుకుని ఉంది.